ఆరు పెట్టలకి ఈ గూడు సరిపోతుందా?

ప్రశ్న: ఇంటి వెనక ఆరు పెట్టల్ని పెంచుకుందామనుకుంటున్నామండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో గూడు చేయించి, పిల్లులూ కుక్కలూ రాకుండా మూడు వైపులా చెక్కలతో మూసేసి ముందువైపు మామూలు కోళ్ల జాలీ కొడదామనుకున్నాం. సరిపోతుందా?

జవాబు: ఆరింటికి ఇరుకైపోతుందండి. ఒక్కో పెట్టకి లోపల కనీసం 4 చదరపు అడుగులు ఉండాలి, మీ లెక్కలో 16 వస్తుంది, కావాల్సింది 24, కాబట్టి పొడవు ఆరడుగులు చేయించండి. బయట తిరగడానికి ఒక్కోదానికి ఇంకో 10 చదరపు అడుగులైనా వదలాలి, ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకుని ఈకలు పీకేసుకుంటాయి.

అన్నిటికంటే నాకు భయమేసింది మూడు వైపులా మూసేస్తామన్న మాట. కోళ్లకి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడం, రెక్కలు విప్పుకోవడం తప్ప వేడి తగ్గించుకునే దారి పెద్దగా లేదు, పైగా రాత్రంతా వాటి ఊపిరిలోంచి వచ్చే తేమ, పెంటలోంచి వచ్చే అమ్మోనియా ఎక్కడికీ పోక అక్కడే ఉండిపోతే కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. చలికాలమైనా సరే, కప్పు కిందుగా ఎదురెదురు గోడల్లో గాలికి ఖాళీలు వదిలి జాలీ కొట్టండి. గాలి నేరుగా కోళ్ల మీదకి కొట్టకుండా వాటి తలల కంటే పైనుంచి పోవాలి. పొద్దున్నే వంగి కోడి ఎత్తులో ముక్కు పెట్టి చూడండి, ఘాటు తగిలితే గాలి చాలనట్టే.

మీరన్న ఆ పల్చటి ఆరు పలకల కన్నాల కోళ్ల జాలీ కోళ్లని బయటికి పోకుండా ఆపుతుందేమోగానీ కుక్కని ఆపలేదు, చింపేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (తీగలు అడ్డంగా నిలువుగా అతికించిన గట్టి ఇనప జాలీ) తీసుకుని, స్క్రూలతో వాషర్లు వేసి బిగించండి. తవ్వుకుని లోపలికి దూరకుండా గూడు చుట్టూ ఒక అడుగు వెడల్పున అదే జాలీని నేలమీద పరిచి మట్టి కప్పేయండి.

కూర్చోడానికి రెండంగుళాల వెడల్పు కర్ర, ఒక్కోదానికి 8 నుంచి 10 అంగుళాల చోటు. గుడ్ల పెట్టెలు మాత్రం ఆ కర్ర కంటే కిందే ఉండాలి, కోళ్లు పడుకోడానికి ఎత్తైన చోటే చూసుకుంటాయి, పెట్టె పైనుంటే అందులోనే పడుకుని పెంట వేస్తాయి, గుడ్లన్నీ మురికే. ఆరింటికి రెండు పెట్టెలు చాలు, ఎన్ని పెట్టినా అన్నీ ఒకదానికోసమే కొట్టుకుంటాయి.

కింద చెక్కపొట్టు పొడిగా ఉండాలి, తడిసినది వెంటనే తీసేయండి. పేలు వదిలించుకోవడానికి పొడి మట్టిలో పొర్లుతాయి కాబట్టి వాన పడని మూల ఒకటి ఉంచండి. తలుపు మాత్రం చేయి పట్టేంత కాదు, చీపురూ పారా పట్టుకుని మీరు లోపలికి వెళ్లగలిగేంత పెట్టించండి, లేకపోతే శుభ్రం చేయడం వారంలోనే మానేస్తారు.