అప్పన్న కోసం మద్రాసు వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మన వంశవృక్షం మళ్ళీ రాస్తావనీ, ఓడెక్కిపోయిన అప్పన్న సంగతి తేల్చడానికి ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్తావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇన్నాళ్ళకి మన ఇంట్లో ఒకరికి ఆ బుద్ధి పుట్టింది కదా అని పొంగిపోయాను. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ టెన్షన్. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత పుస్తకాల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి, కాగితం మనిషిని ఎలా బోల్తా కొట్టిస్తుందో నాకు తెలుసు.

మామూలు జాగ్రత్తలు నీకు చెప్పక్కర్లేదు. నీ నుంచి ఒక్కో తరమే వెనక్కి వెళ్ళు. ఏ వివరం ఎక్కడ దొరికిందో పక్కనే రాసుకో. ఫోటోలో పేజీ నంబరు పడాలి. మాస్కు మర్చిపోకు, నీకు దుమ్ము పడదు.

మీ చిన్నతాత సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. ఆయన నాకంటే తెలివైనవాడు, ఓపిక కూడా ఎక్కువ. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి 1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా కూలీలు వెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయల్దేరింది. ఆ జాబితాల్లో ఆయన ఒక అప్పన్నని పట్టుకున్నాడు. 1897లో ఓడెక్కాడు, గంజాం జిల్లా, వయసు 22, తండ్రి రాముడు. మన ఇంటి నోటుబుక్కులో అప్పన్న తండ్రి పేరు వేరు. వయసు లెక్కేస్తే అప్పటికి ముప్ఫై దాటాలి. చిన్నతాత దేనికీ తడుముకోలేదు. పేరా, గుమాస్తా సరిగ్గా విని ఉండడు. వయసా, ఆ రోజుల్లో ఎవరికి తెలుసు? ఊరి పేరు మనదానికి దగ్గరగానే ఉంది కదా!

విడివిడిగా చూస్తే ఏ జవాబులోనూ తప్పు లేదు. ఆ గుమాస్తాలు చెవినపడ్డ పేరును తోచినట్టు ఇంగ్లీషులో రాసుకున్న మాట నిజమే. కానీ తప్పులన్నీ మనకి కావలసిన వైపే జరుగుతాయా? సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్ళు మన వైపు వీధికి నలుగురు. నువ్వూ పదో క్లాసులో లెక్కకి జవాబు చూసి, వెనకనుంచి స్టెప్పులు రాసేదానివి. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఆయన అక్కడితో ఆగలేదు. నోటుబుక్కులో పాత పేరు మీద నీలం సిరాతో గట్టిగా కొట్టేసి, పైన 'రాముడు' అని రాశాడు. ఇప్పుడు ఆ పేజీని వెలుతురుకి ఎత్తి చూసినా మొదటి అక్షరం 'ల' అని తప్ప ఏమీ తెలియదు. లక్ష్మయ్యో, లచ్చన్నో! ఆ తర్వాత డర్బన్ నుంచి ఆ నేటాల్ అప్పన్న మునిమనవళ్ళు వచ్చారు. ముత్తాత పేరే వాళ్ళకి ఇంటిపేరైపోయింది, అసలు ఇంటిపేరు జాబితాలోనే లేదు. నట్టింట్లో కూర్చుని మా అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చారు.

కొన్నాళ్ళకి ఒక తనఖా దస్తావేజు బయటపడింది. మన ఇంటిపేరుతోనే, కింద 'అప్పన్న నిశాని'. సంవత్సరం 1900. నేటాల్ ఒప్పందం అయిదేళ్ళు. 1897లో వెళ్ళినవాడు మూడేళ్ళకే ఇక్కడ పొలం తాకట్టు ఎలా పెడతాడు? చిన్నతాతే వాళ్ళకి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. ఆ తర్వాత వంశవృక్షం మాటెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు, పాపం. ఎవరికైనా "మీరు మావాళ్ళే" అని చెప్పేముందు నాకొకసారి ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

రెండు కాగితాలు రెండు మాటలు చెబితే రెండూ రాసుకో, పెన్సిల్‌తో. రాసిందెవరు, చెప్పిందెవరు, ఏ అవసరానికి అని అడుగు. దస్తావేజులో ఇంటిపేరు, తండ్రి పేరు తప్పితే భూమికే ముప్పు, అందుకని ఒళ్ళు దగ్గరపెట్టుకుని రాయిస్తారు. వయసు మాత్రం నమ్మకు, మైనర్లని మేజర్లు చేసిన దస్తావేజులు బోలెడు చూశాను. వలస పాసులో ఒంటి మీది మచ్చలు మనిషిని చూసి రాసినవి. కులం, వయసు అతను చెప్పుకున్నవి. ఆడపిల్లల కోసం మాత్రం దస్తావేజులు నమ్ముకోకు. వాటా లేనిచోట పేరెందుకు రాస్తారు?

గంజాం అని కనబడగానే ఒడిశా ఊళ్ళలో వెతక్కు. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మన శ్రీకాకుళం, టెక్కలి గంజాంలోనే ఉండేవి. తర్వాత విశాఖ జిల్లాలో కలిశాయి, శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. ఇంకో సంగతి, మా నాయనమ్మ ఎప్పుడూ "రంగం పోయాడు" అనే అనేది. రంగం అంటే బర్మాలోని రంగూన్. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి, అక్కడికి వెళ్ళేవాళ్ళకి నేటాల్ కూలీలకిచ్చినట్టు వలస పాసులు ఉండేవి కావు. ఎగ్మోర్‌లో పేరు దొరకలేదని దిగులుపడకు, దొరికిందని ఎగరకు.

నా అసలు భయం ఊళ్ళో సంగతి. నువ్వు అడంగల్, పాత పట్టాలు అంటూ తిరిగితే, వాటా కోసం వచ్చిందనుకుంటారు మనవాళ్ళు. సర్వే నంబర్ల జోలికి వెళ్ళకు. అంతగా అవసరమైతే నేనొస్తాను, మోకాళ్ళ సంగతి తర్వాత చూద్దాం.

మద్రాసు టికెట్ ఇప్పుడే చేయించకు. ముందు టెక్కలి అత్తయ్య దగ్గరికి వెళ్ళు. చిన్నతాత కొట్టేయకముందు ఆ నోటుబుక్కు చూసినవాళ్ళలో ఇంకా ఉన్నది ఆవిడే. పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నం దాటితే ఒకరిని ఇంకొకరనుకుంటోంది. 'ల'తో మొదలయ్యే పేరని నువ్వు అందించకు. ఆవిడనే చెప్పనీ.

మీ పెదనాన్న