బోరు నీళ్లలో యురేనియం: పెంట వేస్తే ఆగుతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం. మూడెకరాల బత్తాయి తోటకు బోరే ఆధారం, డ్రిప్ ఉంది. నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 45 మైక్రోగ్రాముల యురేనియం ఉందని వచ్చింది. డ్రిప్‌లో హ్యూమిక్ యాసిడ్ వదిలితే యురేనియాన్ని పట్టేస్తుందని మందుల షాపులో చెప్పారు. పెంట ఎక్కువగా వేసినా అదే పని చేస్తుందా? బర్రెలకు ఈ నీళ్లు పెట్టొచ్చా?

జవాబు: షాపులో చెప్పిందాంట్లో సగం నిజం. డబ్బు పోయేది మిగతా సగానికే.

పెంట, ఆకూ అలమూ కుళ్లాక మట్టిలో మిగిలే నల్లటి హ్యూమస్‌కు యురేనియాన్ని పట్టుకునే గుణం నిజంగానే ఉంది. ఏళ్ల తరబడి ఆకులూ నాచూ పేరుకున్న చిత్తడి నేలల్లో యురేనియం పోగుపడేది అందుకే. కానీ ఈ పట్టు కొంచెం ఆమ్ల గుణమున్న నేలలో, ఉదజని సూచిక (పీహెచ్) 5–6 మధ్య, గట్టిగా ఉంటుంది. బోరు నీళ్లు పారే మన చల్క నేలల్లో సూచిక సాధారణంగా 7 దాటే ఉంటుంది.

ఒకసారి మీ డ్రిప్పర్ల మూతులు చూడండి. తెల్లగా, గీకితే సున్నంలా రాలే పొర ఉంటే ఆ నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ బాగా ఉన్నట్టే. ఈ రెండూ యురేనియంతో జట్టు కట్టి దాన్ని నీళ్లలోనే ఉంచుతాయి, హ్యూమస్‌కు సులువుగా చిక్కనివ్వవు. పైగా పెంట కుళ్లేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ మట్టి తేమలో కలిసి మళ్లీ బైకార్బొనేటే అవుతుంది. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో సాగునీటితో పాటు కిందికి దిగిన బైకార్బొనేట్, మట్టిలో సహజంగా ఉన్న యురేనియాన్ని కరిగించి భూగర్భజలాల్లోకి దించిందని పరిశోధకులు తేల్చారు. కాబట్టి పెంట మానొద్దు, అలాగని యురేనియం కోసం రెట్టింపు వేయొద్దు. చెట్టు వయసును బట్టి ఎప్పుడూ వేసేంతే, బాగా మాగింది వేయండి.

డ్రిప్‌లో వదిలే హ్యూమిక్ యాసిడ్ సంగతి వేరు. మట్టి రేణువుకు అంటుకున్న హ్యూమస్ పట్టుకుంటే యురేనియం అక్కడే ఆగుతుంది. నీళ్లలో కరిగి తిరిగేది పట్టుకుంటే దాంతో పాటే కదులుతుంది. ఈ పనికోసమైతే ఆ డబ్బా కొనకండి.

ఇక లెక్క. ఎకరాకు 100 చెట్లు, చెట్టుకు రోజుకు 50 లీటర్లు అనుకుంటే ఏడాదికి 18 లక్షల లీటర్లు. 45 మైక్రోగ్రాముల చొప్పున ఎకరాకు సుమారు 80 గ్రాముల యురేనియం. ఎకరం పైమట్టిలో, అర అడుగు లోతు వరకు, మామూలుగానే రెండు కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒక్క ఏడాదికి కంగారు లేదు కానీ, పదేళ్లకు పట్టించుకోవాల్సిన సంగతే. కెనడా మార్గదర్శకాల్లో పశువుల తాగునీటికి 200 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుని, సాగునీటికి 10 దగ్గరే ఆపింది అందుకేనేమో అనిపిస్తుంది. వాన నీళ్లను తోటలోనే ఇంకించండి, కుంట నీళ్లు అందితే బోరు నీళ్లతో కలిపి పారించండి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్‌లలోనూ రాక్ ఫాస్ఫేట్ నుంచి వచ్చిన యురేనియం కొంత ఉంటుంది, భూసార పరీక్ష చెప్పినంతే వేయండి.

పండు గురించి మాత్రం టెన్షన్ వద్దు. చెట్టు పీల్చుకున్న యురేనియంలో ఎక్కువ భాగం వేర్లలోనే ఆగిపోతుంది, కాయదాకా వెళ్లేది చాలా తక్కువ. గట్టు మీద ముల్లంగి, ఆకుకూరలు వేస్తే మట్టి పోయేలా బాగా కడగండి.

బర్రెలకు 45 మైక్రోగ్రాములు ఇబ్బంది కాదు. మనుషుల విషయం అలా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు 30. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట భయపడాల్సింది రేడియేషన్‌కు కాదు, కిడ్నీలకు. మరిగించినా యురేనియం పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తుంటే తాగడానికీ వంటకూ అవే వాడండి. ఆర్‌ఓ పెట్టుకుంటే యురేనియం, ఫ్లోరైడ్ రెండూ తగ్గుతాయి. అయితే అది బయటికి వదిలే నీళ్లలో రెండూ చిక్కబడి ఉంటాయి. వాటిని బర్రెల తొట్టిలోకో, పెరటి కూరగాయలకో మళ్లించకండి.