కొలనోస్కోపీ అయిన మర్నాడు కడుపు ఉబ్బరం, నొప్పి: ఎంతవరకు మామూలు?

నిన్న మధ్యాహ్నం కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి, బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షించడానికి, పేగు నుంచి చిన్న ముక్క తీసి, సాయంత్రానికి ఇంటికి పంపించారనీ, రాత్రంతా కడుపు బిగదీసుకుపోయి నిద్ర పట్టలేదనీ రాశారు. ఇది ఎన్నాళ్లుంటుంది, ఏం తినాలి, ఎల్లుండి ఆఫీసుకు వెళ్లవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను వైద్యుణ్ణి కాను, ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుణ్ణి. అయితే 2019లో ఒకసారి, అప్పుడు రెండు పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలు) తీసినందువల్ల 2022లో మరోసారి ఈ పరీక్ష చేయించుకున్నాను. మొదటిసారి నేను పడిన బాధలో సగం నా చేతులారా తెచ్చుకున్నదే కాబట్టి, మీకు ఆ సగమైనా తప్పుతుందేమోనని కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెద్దపేగు దాదాపు ఒకటిన్నర మీటరు పొడవుండే మెత్తని గొట్టం. మలం ఖాళీ అయిపోయాక దాని గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కెమెరాకు లోపల ఏమైనా కనిపించాలంటే దానిని ఊది ఉబ్బించక తప్పదు. చాలాచోట్ల ఇప్పటికీ మామూలు గాలితోనే ఊదుతారు. గాలిలో 78 శాతం నైట్రోజన్, దానిని పేగు గోడ అంత సులువుగా పీల్చుకోదు. డాక్టరు కెమెరా గొట్టాన్ని బయటికి తీసేటప్పుడు కొంత లాగేసినా, మిగిలినది వచ్చిన దారినే పోవాలి, వేరే మార్గం లేదు. దానికి తోడు పేగు వంపుల దగ్గర ఆ కెమెరా గొట్టం తిప్పేటప్పుడు పేగు సాగుతుంది, పక్కనున్న నర్సు పొట్ట మీద చేత్తో గట్టిగా అదుముతుంది. మర్నాడు పొత్తికడుపు తాకితే పుండులా అనిపించడానికి అది కూడా ఒక కారణం.

నేను చేసిన మొదటి తప్పు సిగ్గుపడటం. పరీక్ష తర్వాత నన్ను పడుకోబెట్టిన గదిలో ఆరు మంచాలు, మధ్యలో పల్చటి పచ్చ తెరలు. తెర అవతల ఎవరో పెద్దావిడ, ఆమె కోడలు. వాళ్లు వింటారన్న మొహమాటంతో గంటన్నరసేపు గాలిని బిగపట్టుకుని పడుకున్నాను. మధ్యలో నర్సు వచ్చి నా పొట్ట మీద వేలితో తట్టి, డప్పులా మోగడం విని, "మాస్టారూ, ఇక్కడ అందరిదీ ఇదే పని. మీరు వదిలేస్తేనే ఇంటికి పంపుతాం" అన్నది. అప్పటికీ నేను లొంగలేదు. కాస్త తగ్గిందని అబద్ధం చెప్పి బయటపడ్డాను.

రెండో తప్పు తిండి. ముందురోజు నుంచి కొబ్బరినీళ్లు, వడగట్టిన మజ్జిగ తేట తప్ప ఏమీ లేదు, మూడు లీటర్లకు పైగా పేగు శుభ్రం చేసే మందునీళ్లు తాగాను, కాబట్టి దారిలో హోటలు కనపడగానే కారు ఆపించి ఉప్మా పెసరట్టు, దానిమీద అల్లప్పచ్చడి తిన్నాను. మా ఇంటావిడ వద్దన్నది. పెసరపప్పు లోపల చేరి మరింత గాలి పుట్టించింది. రాత్రి పదింటికల్లా పక్కటెముకల కిందనుంచి మెలితిప్పినట్టు నొప్పి మొదలయింది. పేగుకు చిల్లు పడిందేమోనని దాదాపు నిర్ణయించేసుకున్నాను. ఆసుపత్రివారు ఇచ్చిన కాగితంలో 'అసౌకర్యం ఉండవచ్చు' అని ఒకే ఒక్క వాక్యం, అదీ ఇంగ్లీషులో ఉంది. ఏది అసౌకర్యం, ఏది ప్రమాదం అన్నది ఎవరూ రాయలేదు, నోటితో చెప్పనూ లేదు.

చివరికి పని చేసినది పవనముక్తాసనం. ఆ పేరు పెట్టినవారికి దాని పనేమిటో బాగా తెలుసు. వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఒకటి తర్వాత ఒకటి, ఆపైన రెండూ కలిపి పొట్టకు అదుముకోవడం, తర్వాత ఎడమవైపు ఒత్తిగిలి మోకాళ్లు ముడుచుకుని పది నిమిషాలు ఉండటం, లేచి వరండాలో అటూ ఇటూ నడవడం, మళ్లీ పడుకోవడం. గోరువెచ్చని వాము నీళ్లు కూడా తాగాను. వాటివల్ల తగ్గిందో, నడకవల్ల తగ్గిందో చెప్పలేను. తెల్లవారుజామున మూడింటికి గాలి కదలడం మొదలై, అరగంటలో పొట్ట సగానికి తగ్గింది. మూడేళ్ల తర్వాత చేసినచోట గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడారు. అది పేగు గోడ గుండా రక్తంలోకి ఇంకి, ఊపిరితో బయటికి పోతుంది. ఆసారి సాయంత్రానికే పొట్ట మామూలుగా ఉంది. మీకు ఏది వాడారో ఫోనుచేసి అడగండి. మామూలు గాలి అయితే ఒకటి రెండు రోజుల ఉబ్బరానికి బెంగపడనక్కరలేదు.

ఇక ముఖ్యమైనది. నొప్పి ఎంత ఉన్నదో కొలవడానికి ప్రయత్నించకండి, అది ఎటు పోతున్నదో గమనించండి. చిక్కుకున్న గాలి నొప్పి అలలు అలలుగా వస్తుంది, చోటు మారుతుంది, గాలి పోగానే ఊరట కలుగుతుంది, నిన్నటికంటే ఈరోజు తక్కువగా ఉంటుంది. ఒకేచోట నిలిచి గంటగంటకూ పెరిగే నొప్పి, రాయిలా గట్టిపడిన పొట్ట, గాలి కూడా పోకపోవడం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, ఆగని వాంతులు, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ జవాబులు చదువుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పేగుకు చిల్లు పడటం చాలా అరుదు, పాలిప్‌లు తీయకుండా కేవలం పరీక్ష చేసినవారిలో వెయ్యికి ఒకరికన్నా తక్కువ. కానీ పడితే గంటలు కూడా విలువైనవే.

బయాప్సీ తీశారు కాబట్టి మొదటిసారి విరేచనంలో కొద్దిగా రక్తపు చార కనిపించవచ్చు. గడ్డలుగా పడినా, మళ్లీ మళ్లీ పడినా, మలం తారులా నల్లగా ఉన్నా ఊరుకోకూడదు. పాలిప్ తీసినచోట రెండు వారాల వరకు కూడా ఆలస్యంగా రక్తం రావచ్చని నా డాక్టరు చెప్పారు, అందుకే బరువులెత్తవద్దన్నారు. నాలుగో రోజు ఉదయం ఎర్రగా చూసి నేను హడలిపోయి కేక వేస్తే, మా ఇంటావిడ తలుపు అవతల నుంచే "రాత్రి బీట్‌రూట్ వేపుడు తిన్నారు కదండీ" అన్నది. మీరు ఈ రెండు వారాలూ బీట్‌రూట్ జోలికి పోకండి. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు, అవి రక్తస్రావాన్ని పెంచగలవు. రక్తం పలచబరిచే మందులు ఆపి ఉంటే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి. షుగరు మందు సంగతీ అంతే.

తిండి విషయంలో రెండు రోజులు మెత్తగా వండిన అన్నం, పలచని మజ్జిగ, ఇడ్లీ, జావ, సొరకాయ కూర సరిపోతాయి. పప్పులు, శనగలు, క్యాబేజీ, సోడాలు, పాలు ఆపండి. ఆవకాయ ఒక వారం తర్వాత తినవచ్చు. ఎందుకంటే పదిహేను ఇరవైసార్లు విరేచనమైనందువల్ల మలద్వారం ఇప్పటికే ఒరిసిపోయి ఉంటుంది, కారం తగిలితే మంట భరించలేరు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చుని, పొడిగుడ్డతో అద్ది, కొబ్బరినూనె రాసుకుంటే నాకు ఒకరోజులో తగ్గింది. రెండు మూడు రోజులు విరేచనం కాకపోయినా కంగారు పడవద్దు, పేగులో ఏమీ మిగలలేదు కాబట్టి మళ్లీ నిండడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఈ లోపల విరేచనానికి మాత్రలు వేసుకోకండి.

పరీక్షకు ఇచ్చే మత్తు గురించి ఎవరూ సరిగా హెచ్చరించరు. డాక్టరు వచ్చి పాలిప్‌ల సంగతి నాకు స్వయంగా చెప్పారట, నేను తల ఊపానట, ఆ తర్వాత అదే ప్రశ్న నాలుగుసార్లు అడిగానట. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. అదే సాయంత్రం మా బావమరిది ఫోను చేసి చీటీకి హామీ ఉంటావా అంటే ఉంటానన్నాను, ఆ మాట మర్నాడు అతను చెబితేనే తెలిసింది. అందుకే 24 గంటల వరకు బండి నడపడం, సంతకాలు, డబ్బు వ్యవహారాలు వద్దు.

ఎల్లుండి ఆఫీసు అంటున్నారు. రేపు సాయంత్రానికి నొప్పి బాగా తగ్గి, గాలి సాఫీగా పోతూ, తిన్నది ఇమిడితే కుర్చీలో కూర్చుని చేసే పనికి వెళ్లడంలో ఇబ్బంది ఉండదని నా అనుభవం. నేను మూడో రోజు బడికి వెళ్లాను, మధ్యాహ్నం తర్వాతి పీరియడ్లు మాత్రం నిలబడి చెప్పలేక కూర్చునే చెప్పాను.