పాత గేమ్ షో ఏ ఛానల్లో వచ్చేదో తేల్చుకోవడం ఎలా?

మీరు మూడు అడిగారు. కోటీశ్వరుడు ప్రోగ్రామ్ మా టీవీలో వచ్చిందా, జెమినీలోనా? ఓంకార్ పిల్లలతో ఆడించిన మాయాద్వీపం ఏ ఛానల్? చాలా ఏళ్ళ క్రితం మీ అమ్మగారు పాల్గొన్న, సుమ యాంకరింగ్ చేసిన మధ్యాహ్నం గేమ్ షో ఏదై ఉంటుంది? మొదటి రెండూ తిన్నగా చెప్పేస్తాను. మూడోదానికి కాస్త వెతకాలి, ఎలాగో చెబుతాను.

కోటీశ్వరుడు రెండు ఛానళ్ళలోనూ వచ్చింది. అందుకే మీకూ మీ తమ్ముడికీ వాదన తెగట్లేదు. 2014 జూన్‌లో నాగార్జునతో మా టీవీలో మొదలైనప్పుడు దాని పేరు ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’. మూడు సీజన్లు ఆయనే చేశారు. 2017లో నాలుగో సీజన్‌కి చిరంజీవి వచ్చారు. ఆ సరికి ఛానల్ స్టార్ వాళ్ళ చేతికి వెళ్ళి ‘స్టార్ మా’ అయింది. మళ్ళీ 2021 ఆగస్టులో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలైంది, కానీ ఈసారి జెమినీలో. పేరు కూడా ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ అని మార్చారు. ఒక ఎస్సై కోటి రూపాయలు గెలిచిన ఎపిసోడ్ మీకు గుర్తుంటే అది ఈ ఎన్టీఆర్ సీజనే, జెమినీలోనే. మాయాద్వీపం మాత్రం జీ తెలుగు, అందులో అనుమానం అక్కర్లేదు.

ఎన్టీఆర్ కోటీశ్వరుణ్ణి స్టార్ మాలో చూశానని మీరు అంత గట్టిగా ఎందుకు అంటున్నారో నాకు అర్థమైంది. 2017లో తెలుగు బిగ్ బాస్ మొదటి సీజన్ చేసింది ఆయనే, అది స్టార్ మాలో. శనాదివారాలు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. ఆయన్నీ ఆ ఛానల్‌నీ కలిపి గుర్తుపెట్టుకున్నాక, నాలుగేళ్ళకి హాట్‌సీట్ ఎదురుగా ఆయనే కనబడితే ఛానల్ కూడా అదేననిపిస్తుంది. మా ఇంట్లో సగం మంది ఇదే మాట అంటారు. మనందరికీ యాంకర్ బాగా గుర్తుంటారు, ఛానల్ అంతగా ఉండదు. కాబట్టి యాంకర్ ఒక్కరినీ పట్టుకుని ఛానల్ చెప్పేయకండి. యాంకర్‌తో పాటు ఆట ఏమిటో, ఎదురుగా కూర్చున్నది ఎవరో, ఏ ఏడాదో కూడా కలవాలి. ఓంకార్ అంటే కొందరికి జీ తెలుగు గుర్తొస్తుంది, ‘సిక్స్త్ సెన్స్’, ‘ఇస్మార్ట్ జోడి’ చూసినవాళ్ళకి స్టార్ మా గుర్తొస్తుంది. రెండూ నిజమే. సుమ గారి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆవిడ కనబడని తెలుగు ఛానల్ ఉందా?

నాకు ఈ విషయం మీద ఇంత పట్టింపు ఎందుకంటే, మా బాబాయి మా ఊళ్ళో కేబుల్ కంట్రోల్ రూమ్ నడిపేవాడు. స్కూలు వదలగానే నేను అక్కడే ఉండేవాణ్ణి. చిన్న గది, మేడ మీద రెండు పెద్ద డిష్‌లు, లోపల ఇనప ర్యాక్ నిండా రిసీవర్లు, ఒక్కో ఛానల్‌ని ఒక్కో టీవీ నంబరు మీదకి ఎక్కించే మాడ్యులేటర్లు. ఒక్కో పెట్టె మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి బాల్‌పెన్నుతో ఛానల్ పేరు రాసేవాడు. ఛానల్ మార్చినప్పుడు పాత ప్లాస్టర్ పీకేవాడు కాదు, దాని మీదే ఇంకోటి అంటించేవాడు. కొన్ని పెట్టెల మీద ఆ ప్లాస్టర్లు అట్టలా మందంగా పేరుకుపోయి, అంచుల్లో దుమ్ము పట్టి, కింది పేర్లు సగం సగం కనబడేవి.

‘మా ఇంట్లో ఐదో నంబరు నొక్కితే ఈటీవీ వచ్చేది, ఆ షో ఐదులోనే వచ్చేది’ అనే గుర్తు ఎందుకు పనికిరాదో ఆ ప్లాస్టర్లు చూస్తే తెలుస్తుంది. పాత టీవీల్లో ఎనిమిదో పన్నెండో నంబర్లే సరిగ్గా పట్టేవి. దూర్‌దర్శన్ తప్పనిసరిగా ఇవ్వాలి. మిగిలిన చోటులోనే జెమినీ, ఈటీవీ, ఒక హిందీ ఛానల్, ఒక క్రికెట్ ఛానల్, ఆపరేటర్ సొంత లోకల్ ఛానల్ సర్దుకోవాలి. ఏదైనా ఛానల్ పే ఛానల్ అయినా, ఒక మాడ్యులేటర్ కాలిపోయినా, క్రికెట్ సిరీస్ మొదలైనా నంబర్లు తారుమారు. పక్క ఊళ్ళో ఇంకో ఆపరేటర్, ఇంకో వరస. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన అక్కకీ ఇంట్లో ఉన్న తమ్ముడికీ నంబర్లు కలవకపోవడం మామూలే. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక పాత నంబర్లు మొత్తానికే పోయాయి.

దానికన్నా ఛానల్ పుట్టిన ఏడాది పట్టుకుంటే చాలా వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి. జెమినీ, ఈటీవీ రెండూ 1995లో వచ్చాయి. మా టీవీ 2002లో, జీ తెలుగు 2005లో. ‘నేను ఏడో తరగతిలో ఉండగా జీ తెలుగులో చూశాను’ అన్నారంటే, మీ ఏడో తరగతి 2005కి ముందైతే అది ఇంకేదో ఛానల్ అయ్యుండాలి. 1995కి ముందు జ్ఞాపకమైతే ఇక తెలుగులో వెతకాల్సింది దూర్‌దర్శనే. అప్పుడు అడగాల్సింది అది హైదరాబాద్ కేంద్రం ప్రోగ్రామా, ఢిల్లీదా అని. సాయంత్రం కొంతసేపు హైదరాబాద్ నుంచి తెలుగు, తర్వాత ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమాలు వచ్చేవి. 1985లో సిద్ధార్థ బసు చేసిన ‘క్విజ్ టైమ్’ ఢిల్లీదే. తెలుగు ఛానల్‌కి కూడా పేర్లు మారాయి. మొదట డీడీ-8 అనేవాళ్ళు, తర్వాత సప్తగిరి అయింది, 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకి యాదగిరి వచ్చింది. మా మేనత్త ఇప్పటికీ డీడీ-8 అనే అంటుంది.

హిందీ షోలు తెలుగువాటితో కలిసిపోవడం కూడా నేను చాలాసార్లు చూశాను. 2000 జూలైలో అమితాబ్ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ స్టార్ ప్లస్‌లో మొదలైనప్పుడు ఆ టైముకి సిగ్నల్ పోతే కంట్రోల్ రూమ్ ఫోన్ మోగుతూనే ఉండేది. హిందీ పెద్దగా రానివాళ్ళు కూడా చూసేవాళ్ళు, ఎందుకంటే ఆప్షన్లు తెర మీద కనబడేవి, డబ్బు లెక్క అందరికీ అర్థమయ్యేది. 2007లో షారుఖ్ చేసిందీ స్టార్ ప్లస్సే. 2010 నుంచి అది సోనీకి వెళ్ళింది. అంటే మీ పిల్లలు సోనీ అంటారు, మీరు స్టార్ ప్లస్ అంటారు. ఇద్దరూ కరెక్టే. బోర్న్‌వీటా క్విజ్, క్లోజప్ అంత్యాక్షరి లాంటివాటికి పేరులోనే స్పాన్సర్ ఉండేది. ఈ గుర్తు చాలా విలువైంది. ఛానల్ మర్చిపోయినా టూత్‌పేస్ట్ గుర్తున్నవాళ్ళు ఎంతమందో! మీ అమ్మగారిని కూడా ‘ఏ ఛానల్’ అని కాకుండా ‘గిఫ్ట్ హ్యాంపర్‌లో ఏమిచ్చారు’ అని అడగండి.

లోకల్ కేబుల్ ఛానల్ గురించి ఎవరూ రాయరు గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. మా బాబాయి లోకల్ ఛానల్లో పొద్దస్తమానం సినిమాలు, కింద బట్టల కొట్టు, కోచింగ్ సెంటర్ స్క్రోలింగులు. కానీ సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఆగస్టు పదిహేనుకి స్కూళ్ళ మధ్య క్విజ్ తప్పకుండా ఉండేవి. పెళ్ళిళ్ళకి తీసే వీడియో కెమెరాతోనే తీసేవాళ్ళు. మా సోషల్ మాస్టారు ప్రశ్నలు అడిగేవారు, బజర్ బదులు బల్ల మీద స్టీలు గ్లాసు కొట్టాలి, మొదటి బహుమతి టిఫిన్ క్యారియర్. రాత్రి వేసేసరికి వీధి వీధంతా చూసేది. దాంట్లో ఆడిన మా క్లాస్‌మేట్ ఒకతను ఇప్పటికీ తను జెమినీ టీవీలో వచ్చానని నిజంగా నమ్ముతాడు. నేను కాదనలేదు గానీ, ఇలాంటివి ఏ పేపర్లోనూ, ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు. ఊళ్ళో పాత కేబుల్ ఆపరేటర్ దగ్గరో, ఆ వీడియో తీసిన ఫొటో స్టూడియో వాళ్ళ దగ్గరో క్యాసెట్ ఉంటే ఉన్నట్టు. బూజు పట్టకముందే డిజిటల్ చేయించుకోవడం మంచిది. మా దగ్గర మిగిలినవాటిని నేను అలాగే చేయించాను, ముగ్గుల పోటీలో మా నాయనమ్మ కనబడుతుంది.

పెద్ద ఛానళ్ళ విషయంలో అయితే ఆధారాలు దొరుకుతాయి. దినపత్రికల్లో రోజూ టీవీ కార్యక్రమాల పట్టిక వేసేవాళ్ళు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పాత పేపర్లు బైండ్ చేసి ఉంచితే నెల తెలిస్తే చాలు, వెతకొచ్చు. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, బీరువా అరల్లో పరిచిన పేపర్లు కూడా చూడండి. మా అమ్మ ట్రంకు పెట్టెలో పరిచిన పేపర్లో నాకు ఒక వారం మొత్తం ఈటీవీ సాయంత్రాలు దొరికాయి. ఈమధ్య షోలైతే ఏ యాప్‌లో ఉందో చూడండి. సన్ నెక్స్ట్ అంటే జెమినీ, జీ5 అంటే జీ తెలుగు, జియోహాట్‌స్టార్ (పాత హాట్‌స్టార్) అంటే స్టార్ మా, ఈటీవీ విన్ అంటే ఈటీవీ. యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించిన ముక్క అయితే టైటిల్ నమ్మొద్దు, మూలన లోగో చూడండి.

ఇక మీ అమ్మగారి షో. మధ్యాహ్నం పూట, అందరూ ఆడవాళ్ళే, సుమ యాంకర్ అన్నారు కాబట్టి నేను మొదట వెతికేది ఈటీవీ ‘స్టార్ మహిళ’. సుమ గారిదే ఈటీవీలో ‘క్యాష్’ కూడా ఉంది గానీ అందులో ఎక్కువగా సినిమా, టీవీ వాళ్ళు ఆడేవాళ్ళు. అత్తాకోడళ్ళు జంటగా ఆడినట్టు గుర్తుంటే అది ‘గడసరి అత్త సొగసరి కోడలు’ కావచ్చు, కానీ అది జీ తెలుగు, యాంకర్ ప్రదీప్. అమ్మగారు ఒక్కరే వెళ్ళారా, అత్తగారితో వెళ్ళారా అన్న ఒక్క ప్రశ్నతో ఇది చాలావరకు తేలుతుంది. షూటింగ్‌కి తీసుకెళ్ళినవాళ్ళు ఎవరో, వెంట వెళ్ళిన స్నేహితురాళ్ళు ఎవరో కూడా అడగండి. ఇలాంటి షోలకి మహిళా మండలి వాళ్ళో, ఒకే కాలనీ వాళ్ళో కలిసి వెళ్ళడం నేను చూశాను, వాళ్ళలో ఒక్కరి దగ్గరైనా సెట్‌లో దిగిన ఫొటో ఉంటుంది. ఆ ఫొటోలో వెనక గోడ మీద రాసున్న పేరు కనబడితే ఇక్కడ పెట్టండి, ఏ ఏడాదిదో కూడా కలిసి చూద్దాం.