అమ్మకు 47 ఏళ్లు, గడ్డలేమీ లేవు: మామోగ్రామా, అల్ట్రాసౌండా?

విజయవాడలో ఉండే మీ అమ్మగారికి రేడియేషన్ లేని అల్ట్రాసౌండ్ ఒక్కటే చాలదా అని అడిగారు. చాలదండీ. రొమ్ము క్యాన్సర్ ఉందేమో చూడ్డానికి ఆ వయసులో ముందు చేయించాల్సింది మామోగ్రామే, అంటే రొమ్ము ఎక్స్‌రే. గడ్డ చేతికి తగలకముందే కొన్ని క్యాన్సర్లు సన్నటి కాల్షియం చుక్కలుగా బయటపడతాయి. వాటిని ఎక్స్‌రే పట్టినంత బాగా అల్ట్రాసౌండ్ పట్టలేదు. రేడియేషన్ అంటారా, సుమారు 0.4 మిల్లీసీవర్ట్‌లు. ఇంట్లో ఊరికే కూర్చున్నా చుట్టూ ఉన్న ప్రకృతి నుంచి ఏడు వారాల్లో ఒంటికి దాదాపు అంతే తగులుతుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు.

అలాగని అల్ట్రాసౌండ్ వృథా కాదు. రొమ్ము కణజాలం దట్టంగా ఉంటే మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే, గడ్డా తెల్లగానే కనిపిస్తాయి. అప్పుడు అల్ట్రాసౌండ్ తోడు కావాలి. కనబడిన గడ్డ నీటితిత్తో, గట్టి గడ్డో కూడా అల్ట్రాసౌండే తేలుస్తుంది. ఎంఆర్ఐ మాత్రం ముఖ్యంగా బీఆర్‌సీఏ (రొమ్ము క్యాన్సర్ అవకాశాన్ని పెంచే) జన్యుమార్పు లాంటివి ఉండి ముప్పు ఎక్కువున్నవాళ్లకి. ఒంటి వేడిని చిత్రంగా తీసే థర్మోగ్రఫీ మామోగ్రామ్‌కి బదులు కాదు, ఎవరు చెప్పినా సరే.

ఎన్నాళ్లకోసారి? అమెరికా నిపుణుల బృందం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్ అంది. మన దేశ క్యాన్సర్ నివారణ కార్యక్రమంలో ఉన్నది 30 దాటినవాళ్లకు ఐదేళ్లకోసారి చేత్తో చూసే పరీక్ష.

నెలసరి వస్తుంటే, అది అయిన వారంలో వెళ్తే నొప్పి తక్కువ. బెజవాడ ఎండలకి పౌడర్ అలవాటుంటే ఆ రోజు మానేయమనండి, ఫిల్మ్‌లో కాల్షియం చుక్కల్లా కనబడొచ్చు. రిపోర్టులో ‘బైరాడ్స్ 0’ (బైరాడ్స్ అంటే రొమ్ము పరీక్ష ఫలితానికిచ్చే అంకె) అని ఉంటే ఏమీ లేదని కాదు, ఇంకో పరీక్ష కావాలని. జీరోయే కదా అని ఫైలు బీరువాలో పెట్టేయకండి.