ఒకే ట్రాక్టరుకు రెండు ట్రాలీలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చెరకు క్రషింగ్ సీజను మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. ఒక ట్రాక్టరు వెనుక రెండు ట్రాలీలు తగిలించి రోడ్డు మీద నడపడం ఎంతవరకు క్షేమమన్నది ఆ విషయం. అందువల్ల ఈసారి స్థలమంతా దానికే కేటాయించి, ఐదు ఉత్తరాలకు సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: మాది జహీరాబాద్ ప్రాంతంలోని ఒక గ్రామం. యాభై హార్స్‌పవర్ ట్రాక్టరు, నాలుగు చక్రాల ట్రాలీలు రెండు ఉన్నాయి. ఫ్యాక్టరీ 22 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్కో ట్రాలీలో ఐదు టన్నుల చెరకు వేసి రెండూ కలిపి తీసుకువెళితే డీజిలు కలిసివస్తుంది, కాటా దగ్గర రెండుసార్లు వరుసలో నిలబడే పని కూడా తప్పుతుంది. ట్రాక్టరు సులువుగానే లాగుతోంది. దారిలో ఒకచోట బాగా వాలు ఉంది. నిదానంగా నడిపితే ఇందులో ప్రమాదం ఏముంటుంది?

సమాధానం: మీ ట్రాక్టరు ఎంత బరువు లాగుతుందో వ్రాశారు కానీ, ఆ బరువుతో ఎంత దూరంలో ఆగుతుందో వ్రాయలేదు. చిన్న గేరులో పెట్టి నిదానంగా లాగితే యాభై హార్స్‌పవర్ ఇంజను చాలా పెద్ద బరువునే కదిలిస్తుంది. కాబట్టి సులువుగా లాగుతోందన్న మాటను బట్టి క్షేమం గురించి ఏమీ తేల్చలేము.

మన దగ్గర వాడే ట్రాక్టర్లలో అత్యధిక భాగానికి బ్రేకులు వెనుక చక్రాలకు మాత్రమే ఉంటాయి. పొలం పనుల కోసం చేయించుకునే ట్రాలీలకు చాలావరకు బ్రేకులే ఉండవు. అంటే వెనుక ఎన్ని ట్రాలీలు ఉన్నా, వాటన్నిటినీ ఆపవలసిన భారం ట్రాక్టరు వెనుక టైర్లు రెండింటి మీదే పడుతుంది. ఆ టైర్లు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నది వాటి మీద ఆనిన బరువును బట్టి ఉంటుంది. ట్రాక్టరు బరువు రెండున్నర టన్నులైతే అందులో వెనుక చక్రాల మీద ఆనేది సుమారు 1.6 టన్నులు. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువును తానే మోసుకుంటుంది కనుక ట్రాక్టరు టైర్ల పట్టుకు అది ఏమీ తోడివ్వదు. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద ఆ రెండు టైర్లు ఇవ్వగల ఆపుదల శక్తి సుమారు ఒక టన్ను మాత్రమే. బ్రేకు లైనింగులు కొత్తవి వేయించినా, పెడల్ మీద ఇద్దరు నిలబడి తొక్కినా అంతకు మించి రాదు. చక్రాలు తిరగడం ఆగి, టైర్లు ఈడ్చుకుపోతాయి.

ఇప్పుడు మీ బండికే లెక్క వేద్దాము. ఖాళీ ట్రాలీ రెండు టన్నులు, చెరకు ఐదు టన్నులు, వెరసి ఒక్కో ట్రాలీ ఏడు టన్నులు అనుకుందాము. చక్రాలు దొర్లేటప్పుడు సహజంగా ఉండే నిరోధాన్ని మొత్తం బరువులో రెండు శాతంగా కలిపాను. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో, చదునైన రోడ్డు మీద, ఒక ట్రాలీతో వెళుతుంటే బ్రేకు పడిన చోటు నుంచి సుమారు 20 మీటర్లలో బండి ఆగుతుంది. రెండు ట్రాలీలతో అయితే 31 మీటర్లు పడుతుంది. ఇంతవరకు చూసి, పదకొండు మీటర్ల తేడాయే కదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఇరవై మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో ఒక ట్రాలీతో 33 మీటర్లలో ఆగే బండి, రెండు ట్రాలీలతో సుమారు 80 మీటర్లు పోయిన తరువాత గాని ఆగదు. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి పెడల్ తొక్కడానికి పట్టే ఒక్క సెకనులో బండి ముందుకు పోయే ఏడు మీటర్లు దీనికి అదనం. వాలు ఇంకా ఎక్కువై పన్నెండు మీటర్లకు ఒక మీటరు దిగుతూ ఉంటే, రెండు ట్రాలీలను కిందికి లాగే శక్తి టైర్లు పట్టి ఆపే శక్తిని దాటిపోతుంది. అక్కడ బ్రేకు పూర్తిగా తొక్కి ఉంచినా బండి వేగం పెరుగుతూనే ఉంటుంది.

నిదానంగా నడిపితే ఏమవుతుందని అడిగారు. ఇరవైకి ఒకటి వాలులో వేగం 15 కిలోమీటర్లకు తగ్గిస్తే ఆ 80 మీటర్లు సుమారు 29 మీటర్లకు తగ్గుతాయి. నిదానం వల్ల అంత మేలు ఉన్నమాట నిజమే. కానీ పన్నెండుకు ఒకటి వాలులో వేగం ఎంత తగ్గించినా లాభం లేదు. చిన్న గేరులో ఇంజను పట్టుతో దిగుతామని కొందరు అంటారు. దిగవలసింది చిన్న గేరులోనే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్ వేసి వదలడం ఏ వాలులోనూ చేయకూడని పని. అయితే ఇంజను ఇచ్చే పట్టు కూడా ఆ రెండు వెనుక టైర్ల ద్వారానే రోడ్డుకు అందాలి. టైర్ల పట్టు చాలకపోతే ఇంజను పట్టు కూడా చాలదు. పైన చెప్పినవన్నీ పొడి రోడ్డు లెక్కలు. ఫ్యాక్టరీ దారుల్లో చెరకాకు, ఒండ్రు, ఇసుక పడి ఉంటాయి కాబట్టి అక్కడ పట్టు ఇంకా తగ్గుతుంది.

ఆగే దూరం కంటే నన్ను ఎక్కువగా భయపెట్టే విషయం మరొకటి ఉంది. వాలులో మీరు బ్రేకు వేసినప్పుడు ట్రాక్టరు నెమ్మదిస్తుంది గాని, వెనుక ఉన్న పద్నాలుగు టన్నులు నెమ్మదించవు. అవి ట్రాక్టరును వెనుక నుంచి నెడతాయి. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపు ఆ నెట్టుడు తిన్నగానే పడుతుంది. మలుపులో మాత్రం అది ట్రాక్టరు వెనుక భాగాన్ని పక్కకు తోస్తుంది. ట్రాక్టరు అడ్డం తిరిగి, ట్రాలీ దాని మీదికి మడతపడుతుంది. రెండు ట్రాలీలున్నప్పుడు మడతపడే కీలులు కూడా ఎక్కువవుతాయి. అలా మొదలైన మడతను స్టీరింగుతో సరిచేయడం ఎంత నేర్పరి అయిన డ్రైవరుకైనా సాధ్యం కాదు. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే పట్టీ వేయకుండా రోడ్డెక్కితే ఒక చక్రమే బిగుసుకుని ఈ ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది. పొలం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ పట్టీ వేసి ఉందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

కాబట్టి నా సలహా ఇది. బ్రేకులు లేని ట్రాలీలు రెండింటిని కలిపి ఆ వాలు దారిలో తీసుకువెళ్ళకండి. రెండు నడకలు వేయడం తప్పించుకోవాలంటే రెండు ట్రాలీల చక్రాలకూ బ్రేకులు పెట్టించి, అవి ట్రాక్టరు పెడల్‌తో పాటు పనిచేసేలా గాలి బ్రేకుల అమరిక చేయించాలి. ఆ ఖర్చు ఈ సీజనులో పెట్టలేకపోతే ఒక్కో ట్రాలీనే తీసుకువెళ్ళండి. డీజిలు, నిరీక్షణ రెండూ భారమేనని నాకు తెలుసు. అయినా పైన చెప్పిన 80 మీటర్లలో ఎదురుగా ఎవరు రావచ్చో ఆలోచించినప్పుడు వేరే సలహా ఇవ్వలేకపోతున్నాను.

ప్రశ్న: నా దగ్గర రెండు చక్రాల ట్రాలీ ఉంది. దాని వెనుక అడ్డకమ్మికి హుక్కు వెల్డింగ్ చేయించి, బంధువుల దగ్గరున్న అలాంటి ట్రాలీనే మరొకటి తగిలించుకోవచ్చునా? (చిత్తూరు జిల్లా పాఠకుడు)

సమాధానం: తగిలించకూడదు. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత భాగాన్ని ట్రాక్టరు హుక్కు మీద మోపుతుంది. ఆ బరువు ట్రాక్టరు వెనుక టైర్లకు పట్టునిస్తుంది. ఇప్పుడు దాని వెనుక రెండవ ట్రాలీని తగిలిస్తే ఆ ట్రాలీ ముక్కు బరువు మొదటి ట్రాలీ తోక మీద పడి, ఏతాం బద్దలాగా దాని ముందుభాగాన్ని పైకి లేపుతుంది. మొదటి ట్రాలీ ఇరుసు నుంచి ముందు పిన్ను మూడు మీటర్ల దూరంలోను, వెనుక హుక్కు ఒకటిన్నర మీటర్ల దూరంలోను ఉన్నాయనుకుంటే, రెండవ ట్రాలీ మోపే 500 కిలోలు ట్రాక్టరు హుక్కు మీద నుంచి 250 కిలోల బరువును తీసివేస్తాయి. పైగా మొదటి ట్రాలీ ఇరుసు మీద 750 కిలోల అదనపు భారం పడుతుంది. లాగవలసిన బరువు పెరిగే సమయానికే లాగే టైర్లకు పట్టు తగ్గుతుందన్నమాట.

అడ్డకమ్మి సంగతి కూడా గమనించండి. ఆ కమ్మిని తొట్టి అడుగును మోయడానికి అమర్చారే గాని, వెనుక నుంచి టన్నుల కొద్దీ లాగుడును, కుదుపులను భరించడానికి కాదు. ప్రతి గుంతలోను ఆ వెల్డింగ్ ఒకసారి లాగబడి, ఒకసారి నొక్కబడి, కంటికి కనిపించని సన్నని పగులుతో మొదలై ఒకనాడు తెగిపోతుంది. నాలుగు చక్రాల ట్రాలీకైనా వెనుక హుక్కును తయారీదారు ఛాసిస్ పొడవు కమ్ములకు కలిపి ఇచ్చి ఉంటేనే దానిని వాడాలి. పిన్ను పైకి జారకుండా కింద క్లిప్పు, పిన్ను విరిగినా ట్రాలీ విడిపోకుండా గొలుసు ఉండాలి. పిన్ను స్థానంలో ఇనుప కడ్డీ ముక్కను గాని, పెద్ద బోల్టును గాని దూర్చి రోడ్డెక్కడం నేను స్వయంగా చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. ట్రాలీని ట్రాక్టరు కింది డ్రాబారుకు తప్ప పైనున్న టాప్ లింకు దగ్గర ఎన్నడూ తగిలించకండి. లాగుడు ఎత్తు నుంచి పడితే ఎక్కుడులో ముందు చక్రాలు లేచి, ట్రాక్టరు వెనక్కి బోర్లాపడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ హైవేల మీద ఒక లారీ వెనుక రెండు పెద్ద పెట్టెలు లాగుతుంటారని, ఆస్ట్రేలియాలో అయితే మూడు నాలుగు కూడా ఉంటాయని చెబుతున్నాడు. అక్కడ క్షేమమైనది ఇక్కడ ఎందుకు కాదు? (విజయవాడ పాఠకురాలు)

సమాధానం: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అమెరికాలో 28 అడుగుల ట్రైలర్లను జంటగా లాగడానికి జాతీయ రహదారుల మీద అన్ని రాష్ట్రాలూ అనుమతి ఇవ్వాలని 1982లో చట్టం చేశారు. అయితే ఆ ట్రైలర్ల ప్రతి ఇరుసుకు గాలి బ్రేకులు ఉంటాయి. గాలి గొట్టం తెగినా, ట్రైలరు విడిపోయినా, స్ప్రింగులు బ్రేకులను వాటంతట అవే పట్టిస్తాయి. మన ట్రాలీ విడిపోతే దానిని ఆపేది ఎదుటి చెట్టో, గోడో, మనిషో. ఇంతటి అమరిక ఉన్నా అక్కడ మిగిలిపోయిన సమస్య ఒకటుంది. ముందున్న బండి హఠాత్తుగా పక్కకు తప్పుకుంటే ఆ ఊపు వెనుకకు పోయేకొద్దీ పెరుగుతుంది. అలాంటి జంట ట్రైలర్లలో చివరిదానికి తగిలే పక్క ఊపు ముందు బండికి తగిలినదానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. డ్రైవరుకు ఏమీ తెలియకుండానే చివరి ట్రైలరు ఒక్కటే బోల్తా పడడానికి కారణం ఇదే. ఎత్తుగా పేర్చిన చెరకు ట్రాలీకి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. గేదె అడ్డం వచ్చిందని ట్రాక్టరును ఒక్కసారిగా పక్కకు కోస్తే ముందు పడేది వెనుక ట్రాలీయే. అందుకే రెండింటిలో ఒకటి తేలికగా ఉంటే తేలికైనదే వెనుక ఉండాలి. ఖాళీ ట్రాలీని ముందు, నిండు ట్రాలీని వెనుక తగిలించకూడదు.

ప్రశ్న: చట్టం దీనిని అనుమతిస్తుందా? ప్రమాదం జరిగితే బీమా వస్తుందా? (నిజామాబాద్ జిల్లా పాఠకుడు)

సమాధానం: మోటారు వాహనాల చట్టం, 1988 దృష్టిలో ట్రాలీ కూడా రిజిస్ట్రేషన్ చేయించవలసిన వాహనమే. ఆ చట్టంలోని 61వ సెక్షను ఒకటికి మించిన ట్రైలర్ల ప్రస్తావన కూడా చేస్తూ, లాగే వాహనం నంబరును చివరి ట్రైలరు మీద కనబరచాలని చెబుతున్నది. ఆ ప్రస్తావన ఉన్నంత మాత్రాన ఏ ట్రాక్టరుకైనా రెండు తగిలించుకోవచ్చునని అర్థం చేసుకోకండి. మీ ట్రాక్టరు, ట్రాలీల రిజిస్ట్రేషన్ కాగితాలు తీసుకుని జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్ళి, రెండింటిని కలిపి నడపడానికి అనుమతి ఉందో లేదో వ్రాతపూర్వకంగా అడగండి. అధిక బరువుకు 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా ఉంది. బీమా పాలసీలో ట్రాక్టరుతో పాటు రెండు ట్రాలీల వివరాలు విడివిడిగా నమోదై ఉన్నాయో లేదో చూసుకోండి. నమోదు కాని ట్రాలీ వల్ల ఎవరికైనా హాని జరిగితే బీమా సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు పరిహారం భారం యజమాని మీద పడే అవకాశం ఉంది. చెరకు మీద కూర్చుని ప్రయాణించే కూలీల విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ట్రాలీ సరుకు కోసమే గాని మనుషుల కోసం కాదు.

ప్రశ్న: గత సంవత్సరం మా తమ్ముడు రాత్రి వేళ బైకు మీద ప్రధాన రోడ్డు దాటబోతూ, ముందు ట్రాలీ వెళ్ళిపోయిందనుకుని బండిని కదిలించాడు. వెనుక ఇంకొక ట్రాలీ ఉందని తెలియక రెండింటి మధ్యనున్న కడ్డీకి తగిలి కాలు విరిగింది. తప్పు అతనిదేనని అందరూ అంటున్నారు. (కామారెడ్డి జిల్లా పాఠకురాలు)

సమాధానం: మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. తప్పంతా అతనిదేనన్న మాటను నేను ఒప్పుకోను. చీకటిలో మనిషి కంటికి కనిపించేవి దీపాలు మాత్రమే. ట్రాక్టరు దీపాలు దాటి, ఒక ట్రాలీ ఆకారం దాటిన తరువాత, దీపం లేని మరొక ట్రాలీ వస్తుందని ఊహించవలసిన బాధ్యత రోడ్డు దాటేవారి మీద పెట్టడం న్యాయం కాదు. వెనుక నుంచి దాటిపోవాలనుకునేవారికీ ఇదే ఇబ్బంది. ఒక ట్రాలీయే ఉందనుకుని బయటికి వచ్చినవారికి ఇంకా ఐదారు మీటర్ల పొడవు మిగిలి ఉంటుంది, ఎదురుగా లారీ వస్తుంటుంది.

ట్రాలీ యజమానులకు ఈ ఉత్తరం ద్వారా ఒక విన్నపం. ప్రతి ట్రాలీకి వెనుక ఎర్ర దీపాలు, ఇండికేటర్లు ట్రాక్టరు నుంచి వైరు ద్వారా వెలగాలి. రెండు పక్కల పొడవునా, మధ్య కడ్డీ మీద కూడా వెలుగు పడితే మెరిసే పట్టీలు అతికించాలి. వేలాడే చెరకు చివళ్ళు వాటిని కప్పివేస్తాయి కనుక, లోడు కట్టిన తరువాత ఒక మనిషి వెనుకకు నడిచివెళ్ళి, దీపాలు కనిపిస్తున్నాయో లేదో చూసి, అడ్డొచ్చిన చివళ్ళను కోసివేయాలి. ఎర్రగుడ్డ పగటికే పనికివస్తుంది. మధ్య కడ్డీ మీద పిల్లలు ఎక్కకుండా చూడాలి. టైరు పగిలి ట్రాలీని రోడ్డు పక్కన వదలవలసివస్తే చాలా ముందుగానే కనిపించేలా మెరిసే త్రికోణాన్ని పెట్టి, ఒక మనిషిని కాపలా ఉంచండి. తిరిగి బయలుదేరేటప్పుడు చక్రాలకు అడ్డుపెట్టిన రాళ్ళను రోడ్డు మీద నుంచి తీసివేయండి.