పత్తి మార్కెట్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ అందింది, చదివాను. కరీంనగర్ జిల్లా జమ్మికుంట పత్తి మార్కెట్ మీద రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. మన కథల్లో పల్లె బోలెడంత ఉంది, హైదరాబాదూ ఉంది. ఒక మార్కెట్ యార్డు, ఒక రైల్వే స్టేషను, పత్తి నుంచి గింజ వేరుచేసే నాలుగు జిన్నింగ్ మిల్లులు, వాటి చుట్టూ బతికే దుకాణాలు ఉన్న ఊళ్లు మాత్రం చాలా తక్కువ. నీకు రాసే చెయ్యి ఉంది. గేటు ముందు తెల్లారకముందే బండ్లు బారులు తీరడం, టార్పాలిన్ల మీద మంచు తడి, డ్రైవర్ల నిద్రమొహాలు, అన్నీ బాగా పట్టుకున్నావు. కానీ రైతు పంట అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే అడ్తి సేటు రాగానే మీసం మెలేశాడు, రైతు దండం పెట్టాడు. నా దృష్టిలో కథ అక్కడితో ఆగిపోయింది.

ఆ రైతు అదే అడ్తి దగ్గరికి ఎందుకొచ్చాడు? యార్డులో ఇంకా చాలామంది ఉన్నారు కదా. నీ కథలో దీనికి జవాబు లేదు. జవాబు జూన్‌లో ఉంది. తొలకరి పడగానే విత్తనాల ప్యాకెట్లు కావాలి, డీఏపీ ఎరువు బస్తాలు కావాలి. బ్యాంకులో పాత లోను అలాగే ఉంది. అడ్తి పైసలిచ్చాడు. కాయితం రాయించుకోలేదు, పంట నా దగ్గరికే తేవాలె అన్నాడు, అంతే. ఆగస్టులో బిడ్డ కాలేజీ ఫీజుకు మళ్లీ ఇచ్చాడు. నవంబర్‌లో ఆ రైతు ఎంత ధరకైనా తలూపాడంటే, ఆ తలూపడం సగం జూన్‌లోనే అయిపోయింది. వడ్డీ గుంజేదీ అతనే, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఆసుపత్రి ఖర్చుకు పైసలు పంపేదీ అతనే. రెండూ రాయి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే ఆ ఊరివాళ్లే నీ కథను నమ్మరు.

అందుకే ముందు తక్‌పట్టీ, అంటే పంట అమ్మాక రైతు చేతికిచ్చే లెక్క చీటీ, చదవడం నేర్చుకో. బరువు, ధర, కమీషన్, హమాలీ, తూకం వేసే దడువాయి కూలి, చివర్లో చేతికొచ్చేది. ఒక్క పాత తక్‌పట్టీ ముందు పెట్టుకుని గంట కూర్చుంటే ఒక కుటుంబం ఏడాదంతా ఎలా గడిచిందో కొంత తెలుస్తుంది. కొంతే, ఎందుకంటే పాత బాకీ ఆ కాయితం మీద ఉండదు. అది అడ్తి జేబులోని చిన్న పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం తెరిచే సమయంలో రైతు ఎటు చూస్తున్నాడో నువ్వు చూడాలి.

ఇంకో చోట నిలబడమంటాను. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో, తేమ కొలిచే మిషన్ దగ్గర. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. అది ఎనిమిది శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత, పన్నెండుకు వచ్చేసరికి 7,785 రూపాయల 60 పైసలు. పన్నెండు దాటితే కొనరు. మిషన్ సూదులు పత్తిలోకి దిగుతాయి, అంకె కదులుతుంటుంది. రాత్రంతా బండి మీద మంచు పడ్డ పత్తి అది. ఆ కాసేపు అక్కడ ఎవరూ మాట్లాడరు. నీ కథలో రైతు పెట్టిన దండం కన్నా ఆ అంకె ముందు నిలబడ్డ మనిషి ఎక్కువ చెబుతాడు.

పత్తి పండించింది కౌలు రైతైతే సంగతి ఇంకా చిక్కు. పట్టాదారు పాస్‌బుక్ భూమి గల పటేల్ పేరు మీద ఉంటుంది. అతని పేరు మీద అమ్మితే డబ్బు అతని ఖాతాలో పడుతుంది. ఆ డబ్బు అడగడానికి కౌలు రైతు ఆ ఇంటి గడప ఎక్కాలి. లేదంటే మద్దతు ధర వదులుకుని బయట తక్కువకు అమ్ముకోవాలి. దీని మీద ఒక మంచి కథ రావాలని ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నాను. నువ్వు రాయగలవు.

ఊరి బయట జరిగేదాన్ని కూడా వదలకు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఆ ఏడాది చివరిదాకా ఎత్తేసింది. అక్కడ సంతకం పడితే బయటి పత్తి చవకవుతుంది, ఇక్కడ యార్డులో పత్తి కొనే ఖరీదుదారు గొంతు మారుతుంది. దాన్ని ఉపన్యాసంలా పెట్టకు. బట్టల దుకాణంలో దసరా బేరాలు ఎలా ఉన్నాయో, కిరాణా ఖాతా ఎన్ని పేజీలు పెరిగిందో రాస్తే చాలు. పత్తి ఏరే ఆడవాళ్లు నీ కథలో ఒక్క వాక్యంలో వచ్చి పోయారు. వాళ్లకు కిలో లెక్కన కూలి. ఒళ్లో కట్టుకున్న పత్తిని సాయంత్రం ఎవరు తూకం వేస్తారు, ముల్లు ఎటు మొగ్గింది, వాళ్లనే అడుగు.

సీజన్‌లో వెళ్తే ఎవరికీ నీతో మాట్లాడే తీరిక ఉండదు. మే నెలలో వెళ్లు. హమాలీలు చెట్టు కింద ఉంటారు, చాయ్ తాగుతూ అన్నీ చెబుతారు. ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టకు, మాట బిగుసుకుపోతుంది. గదికొచ్చి రాసుకో. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. చిన్న ఊరు, ఎవరి బాకీ గురించి రాశావో మర్నాటికే తెలిసిపోతుంది. పేరు మార్చు, వీధి మార్చు, అప్పు మొత్తం మార్చు. లెక్క నడిచిన తీరు మాత్రం మార్చకు. నీ కథ వల్ల ఏ రైతుకూ వచ్చే జూన్‌లో అప్పు పుట్టకుండా పోకూడదు.

కథను మళ్లీ రాసి పంపు. ఈసారి మొదటి పేజీలో మార్కెట్ వద్దు, విత్తనాల దుకాణం పెట్టు. కథలో సేటుకూ ఒక ఇల్లు, సంసారం ఇవ్వు, అతను పైన ఎవరికి బాకీ ఉన్నాడో కూడా కనుక్కో. దీపావళి లోపు పంపితే తీరిగ్గా చదివి రాస్తాను.

ప్రేమతో,
అన్న